ఊదా చేతుల నక్క

టొరంటో,
1983 అక్టోబరు

ప్రియమైన సల్మే అత్తా,

నీ ఉత్తరం చేరింది. "రెండు ముక్కలు గీకి పంపితే చింపి పారేస్తాను" అన్నావు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. పైగా ఈ మధ్య నాకు మాటల పిచ్చి పట్టుకుంది. శనివారం బడిలో నేర్చుకున్న మన ఎస్తోనియన్ భాష అన్నం అడగడానికీ క్షమాపణ చెప్పడానికీ మాత్రమే సరిపోతుందనీ, అసలు భాష ముసలివాళ్ల నోళ్లలో ఉందనీ ఇప్పుడే తెలిసింది. విన్న మాటనల్లా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటున్నాను.

ముందు నా సంగతి. నేను నక్కనయ్యాను! తాతయ్య ఒకప్పుడు టార్టూలో చదివేటప్పుడు చేరిన ఆలెంపియా విద్యార్థి సంఘంలోనే చేరాను. కొత్తగా చేరిన నక్కలందరికీ ఇచ్చే నల్ల టోపీ ఇచ్చారు. నాకు రంగులిచ్చి పూర్తి సభ్యుణ్ణి చేసేదాకా సభ్యుల ఊదా టోపీ ముట్టుకోకూడదు, సభ్యుల్ని "మీరు" అనాలి, వాళ్ల గ్లాసులు ఖాళీగా ఉండనివ్వకూడదు. మామూలుగా నలుగురైదుగురు నక్కలుంటారు, చాకిరీ పంచుకుంటారు. ఈ ఏడాది టొరంటో మొత్తానికి నక్కను నేనొక్కణ్ణే. నన్ను తీర్చిదిద్దడానికి మాత్రం నక్కల పెద్ద ఉన్నారు. ఆయన కూనో గారు; ఇందులో ఒకసారి చేరితే చచ్చేదాకా సభ్యులే. డెబ్బై దాటినా గొంతు మాత్రం సైన్యంలోదే.

ఇక నువ్వడిగిన విషయం. నువ్వు పనిచేసే పాత పత్రాల భాండాగారంలో ఆలెంపియా కోసం ఒక అర ఖాళీగా ఉంచాననీ, సంఘం కాగితాలు పంపమని కూనో గారిని అడగమనీ రాశావు. అడిగాను.

"ఎవరడుగుతున్నారు?" అన్నారు.

"స్టాక్‌హోమ్ భాండాగారమండీ."

"భాండాగారానికి నోరుంటుందా? అడిగింది ఎవరు?"

"మా అత్తండీ."

ఆయన బీరు గ్లాసు కింద పెట్టారు. మళ్లీ ఎత్తారు. "సల్మేయా?" అన్నారు. "చూడు నక్కా, సంఘం మినిట్సు సభ్యులు తప్ప ఎవరూ చూడకూడదు. ఆడవాళ్లు అసలే చూడకూడదు. మీ అత్తయితే మరీ చూడకూడదు."

నువ్వంటే ఆయనకెందుకంత కంగారో నాకు అర్థం కాలేదు. కానీ పక్కనే ఉన్న కార్యదర్శి వెర్నర్ గారు, "కూనో, నీ నేలమాళిగలో ఆ పెట్టెలకి బూజు పడుతోంది, ముందు సర్దిద్దాం, పంపే మాట తర్వాత చూద్దాం" అన్నారు. సమావేశం ఒప్పుకుంది. సర్దేది ఎవరు? సభ్యుల్లో ఒక్కరికీ నడుం వంగదు. అందుకని నక్క.

ఇక్కడే చిక్కొచ్చిపడింది. పెట్టెలు ఎత్తగలిగేది నేనొక్కణ్ణే. చదివే హక్కు లేనిదీ నేనొక్కణ్ణే. కాబట్టి ప్రతి శనివారం కళ్లు మూసుకుని కట్ట తీస్తాను, కూనో గారి ముక్కు కింద పెడతాను, గోడవైపు తిరిగి నిలబడతాను. ఆయన భూతద్దం పెట్టుకుని చదివి "ఎడమ" అనో "కుడి" అనో అంటారు. నేను కళ్లు మూసుకునే అక్కడ పెడతాను. పోయిన వారం ఏదో కాగితం చూసి ఆయన ఒళ్లు కదిలిపోయేలా నవ్వారు. నేను గోడమీది పెచ్చులు చూస్తూ నిలబడ్డాను. అత్తా, చదువొచ్చి ఉండడం ఇంత నరకమని ఎప్పుడూ అనుకోలేదు.

ఇంకొకటి. రంగులు కావాలంటే సంఘం చరిత్రలో పరీక్ష ఇవ్వాలి. "ఆ చరిత్ర ఎక్కడుందండీ?" అంటే, "ఇంకెక్కడ, ఆ పెట్టెల్లోనే" అన్నారు.

నీ మేనల్లుడు,
హిల్లార్

స్టాక్‌హోమ్,
నవంబరు

నక్క మేనల్లుడికి,

ఉత్తరం బావుంది. మధ్యలో మాటలు ఏరుకోవడం కోసం దారి తప్పుతున్నావు గానీ, ఆ వయసులో తప్పాల్సిందే.

మా విద్యార్థినుల సంఘంలో నేను చేరినప్పుడు నాతో పాటు కొత్తవాళ్లు పన్నెండు మంది. గోడవైపు తిరిగి నిలబడమని ఎవరూ అనలేదు. అని ఉంటే అన్నవాళ్లచేతే ఆ గోడకి సున్నం వేయించి పోయేవాళ్లం.

ఇప్పుడు నవ్వకుండా విను. ఆ అర వచ్చే జూన్ చివర జాన్ పండుగ దాకా ఖాళీగా ఉంచగలను, అంతే. ఆ తర్వాత గాయక బృందాల సమాఖ్యకి ఇచ్చేస్తారు. వాళ్ల దగ్గర పాటలకన్నా తగాదాల కాగితాలే ఎక్కువ, అర ఎప్పుడో నిండిపోతుంది. నేను బెదిరించడానికి చెప్పడం లేదు. అక్కడ సోవియట్ పాలనలో మన ఊళ్లలో సంఘాలన్నీ మూతపడ్డాయి. బయట మిగిలినవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. పోయిన ఏడు ఇక్కడ ఒక పెద్దాయన పోతే, భాష రాని మనవలు ఆయన కాగితాలన్నీ వేసవి ఇంట్లో పొయ్యి రాజేయడానికి వాడారు. నేను వెళ్లేసరికి ఒక కవరు మిగిలింది. దానిమీద కాఫీ కప్పు పెట్టి ఉంది.

అందుకని కూనోకి చెప్పు, పంపినా పంపకపోయినా ఆ పెట్టెల్ని పొడిగా, చల్లగా, చీకటిగా ఉన్న గదిలో తాళం వేసి ఉంచమను. తుప్పు పట్టిన గుండుసూదులు తీసెయ్యి. చిరిగినచోట టేపు అంటించకు. అంటించావని తెలిస్తే టొరంటో వచ్చి చెవి మెలేస్తాను.

ఇంకొక్క మాట. రేషను కాగితాల వెనకవైపు కాపీ పెన్సిలుతో రాసిన కట్ట ఒకటి ఉంటుంది. తడి తగిలితే ఊదాగా కరిగిపోయే పెన్సిలది. దాని దగ్గరికి తేమ రానివ్వకండి.

అత్త సల్మే

టొరంటో,
డిసెంబరు

ప్రియమైన అత్తా,

కాపీ పెన్సిలు కట్ట సంగతి నీకెలా తెలుసు?

నేను అమాయకంగా, "కూనో గారూ, రేషను కాగితాల కట్ట తడవకుండా చూడమంది మా అత్త" అన్నాను. ఆయన నోట్లో చేప రొట్టె ఉంది. నమలడం మానేశారు. వెర్నర్ గారికి చెవుడు, అయినా ఆ మాట మాత్రం వినబడింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత నన్ను రొట్టె తెమ్మని బయటికి పంపేశారు. ఇంట్లో రొట్టె ఉంది, అత్తా. నేనే తెచ్చాను.

నేను నీకు సంఘం రహస్యాలు ఏవీ చెప్పకూడదు. చెప్పడానికి నాకు ఏమీ తెలియదు కూడా. నీకు తెలిసినవి నువ్వు చెప్పవచ్చు కదా, దానికి నిషేధం లేదు.

పోతే, శుభవార్త. నువ్వు చెప్పిన గది దొరికింది! కూనో గారి నేలమాళిగలో బట్టలుతికే మిషను గొట్టం పగిలి నీళ్లొచ్చాయి. పెట్టెలు తడవలేదు గానీ ఆయన భార్య వైకే గారి ఊరగాయ క్యాబేజీ జాడీలు తేలాయి. ఆవిడ మెట్లమీద నిలబడి, "నీ పెట్టెలు బయట పడేస్తావా, నిన్ను పడెయ్యనా?" అని అడిగింది. అప్పుడు నేను నీ ఉత్తరంలోని నాలుగు గుణాలూ చదివి వినిపించాను. పొడి, చల్లదనం, చీకటి, తాళం. కూనో గారు కాసేపు ఆలోచించి, తొడమీద చరుచుకుని, "ఉందిరా నక్కా, పెరట్లోనే ఉంది!" అన్నారు.

పెరట్లో ఆయన సొంత చేతులతో కట్టుకున్న ఆవిరి స్నానాల గది ఉంది చూడు, చెక్క గోడలది, అందులో పెట్టించాం. పొయ్యి వెలిగించకపోతే అంతకంటే పొడి గది టొరంటోలో లేదన్నారు. నిజమే, లోపల దేవదారు వాసన, కిటికీ లేదు, తాళం ఉంది. శనివారాలు ఆడవాళ్లు ఆ వైపు రారు కూడా, అదొక లాభం అన్నారు. పెట్టెలు స్నానపు బల్లలమీద పెట్టాం. రేషను కాగితాల కట్టని బట్టలు మార్చుకునే ముందు గదిలో, తలుపు పైన ఉన్న పలకమీద పెట్టాం, ప్రత్యేక గౌరవంగా.

కాగితాలు స్టాక్‌హోమ్ వెళ్లేదాకా, లేదా వెళ్లకూడదని నిర్ణయమయ్యేదాకా, పొయ్యి వెలిగించబోమని సభ్యులందరూ నిలబడి ఒట్టు వేశారు. ఇప్పుడు శనివారం సాయంత్రాలు వాళ్లు వంటింట్లో వరసగా కూర్చుని గోడ గడియారం చూస్తున్నారు. వెర్నర్ గారికి మోకాలు పట్టేసింది. కూనో గారు ఆవిరిలో ఒంటిమీద చరుచుకునే బర్చి కొమ్మల చీపురుని తీసి వాసన చూసి మళ్లీ మేకుకి తగిలిస్తున్నారు.

క్రిస్మస్ శుభాకాంక్షలు. రక్తం సాసేజీలు అమ్మ చేస్తే పేలిపోతున్నాయి, నువ్వు ఎలా చేస్తావో రాయి.

హిల్లార్

స్టాక్‌హోమ్,
జనవరి

ఒరేయ్ హిల్లార్,

ఆవిరి గదిలోనా!

తప్పు నాదే. నాలుగు గుణాలు రాసి ఐదోది రాయలేదు: "కూనోకి దూరంగా" అని. ఆ మనిషి నాకు తెలుసు. జర్మనీలో శరణార్థుల క్యాంపులో ఉన్నప్పుడు, పడుకోవడానికి సరిగ్గా మంచాలే లేని రోజుల్లో, ఒక ఇనప డ్రమ్మూ నాలుగు తలుపు చెక్కలూ దొరికితే వాటితో ఆవిరి గది కట్టాడు. ఆ తలుపుల్లో ఒకటి క్యాంపు కమాండరు గారి స్నానాల గదిది. అలాంటివాడు ఒట్టు వేశాడని పెరట్లో పొయ్యి పక్కన కాగితాలు పెట్టి వచ్చావా?

ఈ ఉత్తరం అందిన రోజే పెట్టెలు తీసి మీ ఇంట్లో నీ మంచం కింద పెట్టు. చదవకపోతే చదవకు, కళ్లు మూసుకునే మొయ్యి.

సాసేజీలకి సూదితో చిల్లులు పొడవమను.

సల్మే

టొరంటో,
1984 ఫిబ్రవరి చివర

ప్రియమైన అత్తా,

నీ ఉత్తరం అంతా అయిపోయాక అందింది.

సంఘం లోపల జరిగినవి నేను చెప్పకూడదు. కానీ ఇది పెరట్లో, మంచులో జరిగింది. సగం పక్కింటి మిసెస్ డాబ్సన్ కూడా చూసింది. కాబట్టి చెబుతున్నాను.

మన స్వాతంత్ర్య దినం ఉదయం ఎస్తోనియా భవనంలో సభ అయింది. జెండా, ప్రసంగాలు, బీట్‌రూట్ సలాడు. భవనంలో హీటరు పనిచేయలేదు. కూనో గారు సంఘం వాళ్లందర్నీ ఇంటికి పిలిచారు. నన్ను ఐసు తెమ్మని పంపారు. బయటంతా మంచుండగా ఐసెందుకని అడగవలసింది, నక్కని కదా, అడగలేదు.

నేను వెళ్లగానే ఆయన లేచి ఇలా అన్నారట (వెర్నర్ గారు తర్వాత చెప్పారు): "సోదరులారా, ఒట్టు పెట్టెలకి సంబంధించినది. పెట్టెలు లేని ఆవిరి గది మామూలు ఆవిరి గదే." డెబ్బై దాటిన మనుషులు, నడుం వంగదని నాతో మోయించిన మనుషులు, పరుగులమీద పెట్టెలన్నీ ఇంట్లోకి చేరవేశారు. తలుపు పైన పలకమీదున్న కట్టని మాత్రం మర్చిపోయారు. అంత గౌరవంగా ఎత్తులో పెట్టాం, ఎవరి కళ్లకీ ఆనలేదు.

నేను ఐసు సంచితో పెరట్లోకి వచ్చేసరికి ఆవిరి గది పొగగొట్టం గుప్పుమంటోంది. లోపల్నుంచి పాట. పాట మధ్యలో ఒక కేక. వేడి గది తలుపు తీసిన ప్రతిసారీ ఆవిరి పైకి వెళ్లి ఆ కట్టకి తగులుతోందన్నమాట. చల్లగాలికని ముందు గదిలోకొచ్చిన వెర్నర్ గారి బట్టతలమీద ఊదా చుక్క పడింది. తర్వాత రెండోది. ఆయన చేత్తో తుడుచుకుని, చెయ్యి చూసుకుని, "కూనో, నా పని అయిపోయింది, మెదడు కారుతోంది!" అని అరిచారు.

అప్పుడు కూనో గారికి గుర్తొచ్చింది.

అత్తా, తలుపు బద్దలయినట్టు తెరుచుకుంది. ఆవిరి మేఘంలోంచి ఆరుగురు ముసలివాళ్లు బయటికి దూకారు. ఒంటిమీద నూలుపోగు లేదు. తలలమీద మాత్రం ఊదా టోపీలున్నాయి. ఎందుకంటే కూనో గారు లోపల, "టోపీ లేకుండా మినిట్సు ముట్టుకోవద్దు!" అని గర్జించారట, అంత కంగారులోనూ వరసగా మేకులకున్న టోపీలు పెట్టుకుని మరీ కాగితాలందుకున్నారు. తెల్లటి మంచుమీద ఒక్కొక్క కాగితం పరుస్తున్నారు. పరిచినచోటల్లా మంచు ఊదాగా అవుతోంది.

కూనో గారు నన్ను చూశారు. "నక్కా, చూడకు!" అన్నారు.

"కాగితాలనా అండీ, మిమ్మల్నా?"

"రెండూ!"

కంచె అవతల మిసెస్ డాబ్సన్ కుక్కని ఎత్తుకుని అలాగే నిలబడిపోయింది. వెర్నర్ గారు ఆవిడకి టోపీ తీసి నమస్కారం పెట్టారు. మర్యాద మర్యాదే.

నేనింక చూడక తప్పలేదు. ఐసు సంచి పారేసి తువ్వాళ్లు తెచ్చి, ఒక్కొక్క కాగితాన్నీ రెండు తువ్వాళ్ల మధ్య పెట్టి అదిమాను. నాకు చదవాలని ఎంత ఆశ ఉండేదో నీకు రాశాను కదా. తీరా చేతిలోకొచ్చేసరికి చదవడానికి ఏమీ లేదు. ఒకచోట "టార్టూ" అన్న మాట నేను చూస్తుండగానే కరిగి నా బొటనవేలి కిందికి జారిపోయింది.

అంతా అయ్యాక కూనో గారు తువ్వాలు చుట్టుకుని మెట్టుమీద కూర్చున్నారు. చలిలో లోపలికి రమ్మంటే రారు. "అసలు పుస్తకాలు టార్టూలో మా చేతుల్తో మేమే కాల్చాంరా," అన్నారు. "నలభైలో, సోవియట్లు వచ్చినప్పుడు. అందులో పేర్లుండేవి. ఆ పేర్లు పోలీసులకి దొరికితే ఆ కుర్రాళ్లు దొరికినట్టే. తర్వాత క్యాంపులో కూర్చుని ఎవరికి గుర్తున్నది వాళ్లం చెప్పుకుని మళ్లీ రాశాం. ఎవరు ఏ పాట కట్టాడు, ఎవడు ఎవడి మీద అలిగాడు, ఎవర్ని ఎప్పుడు తీసుకెళ్లిపోయారు. ఆ చెప్పినవాళ్లలో ఇప్పుడు నేనూ వెర్నరే మిగిలాం. వాడికి వినబడదు, నాకు గుర్తుండదు."

నేను వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. నక్క సభ్యుడి పక్కన కూర్చోకూడదు. ఆయన కొంచెం జరిగి చోటిచ్చారు.

ఇప్పుడు నాకొక చిక్కుంది. నా చేతులు మణికట్ల దాకా ఊదాగా ఉన్నాయి. మామూలు ఊదా కాదు, బ్లూబెర్రీలు తిన్న పిల్లాడి నాలుకలాంటి ఊదా. సబ్బు, ఉప్పు, వెనిగరు, వైకే గారి పొయ్యి తోమే పొడి, దేనికీ వదలడం లేదు. అది సంఘం రంగు. నక్క సంఘం రంగులు ధరించడం పెద్ద నేరం. వచ్చే వారం నా మీద విచారణ.

హిల్లార్

స్టాక్‌హోమ్,
మార్చి

నాన్నా హిల్లార్,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. పొరపాటు. టోపీల దగ్గరికొచ్చేసరికి నవ్వాపుకోలేక దస్త్రాల గదిలోకి వెళ్లిపోయాను. కూనో మెట్టుమీద కూర్చున్న చోటికొచ్చేసరికి అక్కడే కూర్చుండిపోయాను.

నీకు తెలియని సంగతి చెప్తాను. సంఘం నియమాలు నన్ను కట్టవు, నేను మనిషికి మాటిచ్చాను గానీ సంఘానికి కాదు.

జర్మనీలోని గైస్లింగెన్ క్యాంపులో మన అక్షరాలున్న టైపు మిషను ఒక్కటే ఉండేది. అది మా నాన్నది. దేశం వదిలి పడవెక్కేటప్పుడు బట్టల పెట్టె వదిలేసి దాన్ని తెచ్చుకున్నాడు, మా అమ్మ చనిపోయేదాకా ఆ మాట ఎత్తిపొడుస్తూనే ఉంది. టైపు చేయడం వచ్చింది నాకు. అప్పుడు నాకు పదిహేడు. ఆలెంపియా మగవాళ్లు పెన్సిలుతో రాసుకున్నది శుభ్రంగా టైపు చేయించాలనుకున్నారు. కూనో వచ్చి, "సల్మే, నువ్వు టైపు చెయ్యి, కానీ చదవకు" అన్నాడు. చదవకుండా ఎలా టైపు చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు. నువ్వు కళ్లు మూసుకుని మోస్తున్నావని రాసినప్పుడు అదే గుర్తొచ్చింది.

చలికాలమంతా కూనో పక్కన కూర్చుని చదివేవాడు, నేను కొట్టేదాన్ని. ఏదైనా తాగుడు గొడవ వస్తే "ఇది వినకు, టైపు మాత్రం చెయ్యి" అనేవాడు. గది చల్లగా ఉండి వేళ్లు పగిలిపోతే, వైకే తన ఊలు చేతితొడుగుల వేళ్ల చివర్లు కత్తిరించి నాకిచ్చింది. అప్పటికి వాళ్లకి పెళ్లి కాలేదు.

వసంతంలో పని పూర్తయింది. వాళ్లు సమావేశం పెట్టుకున్నారు. బయటి మనిషి చేసిన ప్రతి చెల్లదని ఒకాయన నియమం తీశాడు. ఓటు వేసి, ఆ టైపు ప్రతిని పొయ్యిలో పెట్టారు. పెన్సిలు కాగితాలే అసలువని ఉంచుకున్నారు. కూనో నా దగ్గరికొచ్చి విషయం చెప్పి, కార్బన్ కాపీ కూడా కాల్చెయ్యమన్నాడు. కాలుస్తానన్నాను. కష్టానికి ప్రతిఫలంగా సంఘం తరపున ఒక అమెరికా సబ్బు ఇచ్చాడు. అది అప్పట్లో చాలా పెద్ద కానుక. అందుకే ఇంకా కోపమొచ్చింది.

కార్బన్ కాపీ నా దుప్పట్ల బీరువాలో ఉంది. ఎవరికీ చూపించలేదు. భాండాగారంలోనూ పెట్టలేదు, అది నాది కాదు కాబట్టి. అడగవలసినవాళ్లు అడగలేదు కాబట్టి ఇవ్వలేదు.

ఇప్పుడు అడగమను. నువ్వు కాదు, సంఘం అడగాలి. ఇంకొక షరతు: ఈ ప్రతిని ఎవరు టైపు చేశారో సంఘం మినిట్సులో పేరు పెట్టి రాయాలి. పేరంటే "ఒక శరణార్థి యువతి" అని కాదు.

నీ చేతుల విచారణ ఏమైందో వెంటనే రాయి.

సల్మే

టొరంటో,
ఏప్రిల్

ప్రియమైన అత్తా,

నాకు రంగులొచ్చాయి! తలమీదా, చేతులమీదా కూడా.

విచారణ ఇలా జరిగింది. ఇప్పుడు నేను సభ్యుణ్ణి కాబట్టి అస్సలు చెప్పకూడదు, కానీ నీకు దాచడానికి ఇంకేం మిగిలింది? వెర్నర్ గారు లేచి, "నక్క చేతులకి సంఘం రంగు ఉంది, శిక్ష వెయ్యాలి" అన్నారు. కూనో గారు, "కడుక్కోమన్నాం, వదల్లేదు" అన్నారు. "అయితే నియమం ప్రకారం రంగైనా తియ్యాలి, నక్కతనమైనా తియ్యాలి," అన్నారు వెర్నర్ గారు. "చేతులు నరకమంటావా?" "నేనన్నది రెండోది." చరిత్ర పరీక్ష సంగతి ఎవరో ఎత్తారు. కూనో గారు, "సంఘం చరిత్ర మొత్తం వాడి చేతులకి అంటుకుంది, ఇంకేం పరీక్ష?" అన్నారు. ఓటింగు ఏకగ్రీవం.

టోపీ పెట్టాక ఆచారం ప్రకారం కూనో గారితో మోచేతులు పెనవేసి బీరు తాగి, ఇక నుంచి ఆయన్ని "నువ్వు" అనాలి. నాకు నోరు రాలేదు. "కూనో గారూ, నువ్వు… కూర్చుంటారా?" అన్నాను. అందరూ బల్లలు చరిచి నవ్వారు.

ఆ నవ్వు తగ్గకముందే నీ ఉత్తరం తీసి చదివాను. సభ్యుడిగా అది నా మొదటి ప్రతిపాదన.

కూనో మొహం ఎర్రబడింది. "కాలుస్తానని నాకు మాటిచ్చింది! నా ఎదురుగా, ఇలా చెయ్యెత్తి!" అన్నాడు.

వెర్నర్‌కి సగమే వినబడింది, కానీ కావలసిన సగమే. "ఆ పిల్ల మాట మీద నిలబడి ఉంటే ఇవాళ మనకేం మిగిలేదిరా?" అన్నాడు.

ఎవరో మళ్లీ ఆ పాత నియమం ఎత్తారు, బయటి మనిషి చేసిన ప్రతి చెల్లదని. అప్పుడు వంటింటి తలుపు వెనకనుంచి వైకే గారి గొంతు: "ఆ చలికాలం నా చేతితొడుగులు నేనే కత్తిరించాను! పేరు రాస్తారా, లేకపోతే పంది మాంసం జెల్లీ మిసెస్ డాబ్సన్ కుక్కకి వేసేదా?" సమావేశంలో ఆడవాళ్ల మాట వినకూడదు. ఎవరూ విననట్టే కూర్చున్నారు. తర్వాత కూనో నెమ్మదిగా, "ఆ నియమం అప్పట్లో తెచ్చింది నేనే," అన్నాడు. "తెచ్చినవాణ్ణే రద్దు చేస్తున్నాను."

చేతులు లేచాయి. ఊదావి, మామూలువి. అన్నీ లేచాయి.

సంఘం అభ్యర్థన దీనితో జతపరిచాను. అక్షరాలు వణికినచోట కూనోవి, సిరా మరకలున్నచోట నావి. కాపీ నీ నుంచి రాగానే నేను చేత్తో ఒక ప్రతి తీసి ఇక్కడ ఉంచుతాను. తక్కిన పెట్టెలన్నీ, కరిగిపోయిన కాగితాలతో సహా, స్టాక్‌హోమ్‌కి పంపాలని కూడా తీర్మానమైంది. నీ అర గాయకులకి ఇవ్వకు!

హిల్లార్

స్టాక్‌హోమ్,
మే

హిల్లార్,

అభ్యర్థన అందింది. రెండుసార్లు చదివాను. కూనో ఇప్పటికీ నా పేరు మొదటి అక్షరాన్ని మెలిక తిప్పి రాస్తాడు.

కాపీ పంపుతున్నాను. తాగుడు గొడవలు కూడా ఉన్నాయి, అన్నీ టైపు చేశాను. కొన్నిచోట్ల మీ వాళ్ల వాక్యాలు పూర్తి కాకపోతే పూర్తి చేశాను. ఎక్కడో చెప్పను.

దాంతో పాటు చిన్న పొట్లం ఉంది. అది కూనోకి. ఆ సబ్బు. వాడబుద్ధి కాలేదు, పారేయబుద్ధీ కాలేదు. మీ చేతులకి ఇంకా రంగు వదలకపోతే దీనితో ప్రయత్నించండి.

సల్మే

టొరంటో,
జూన్ మొదట్లో

అత్తా,

పెట్టెలు ఓడ ఎక్కాయి. జాన్ పండుగ లోపే చేరతాయన్నారు.

కాపీ చదివాను. పరీక్ష కోసం కాదు. ఆ మాటలకోసం, ఆ మనుషుల కోసం. ఒక్కొక్క పేజీ కూనో నా భుజంమీంచి చదువుతూ, "ఇది నేనన్నది కాదు… అన్నానేమో… ఇంకా బావుంది" అంటున్నాడు.

కొత్త మినిట్సులో నేను రాసిన మొదటి తీర్మానం ఇది: "1947 చలికాలంలో గైస్లింగెన్ క్యాంపులో ఈ సంఘం జ్ఞాపకాలను టైపు చేసినది సల్మే కాసిక్. ఆమె వాటిని చదివింది కూడా." రెండో వాక్యం రాయమన్నది కూనో.

సబ్బు పొట్లం విప్పి ఆయన చాలాసేపు చేతిలో పట్టుకున్నాడు. వాసన చూశాడు. చేతులింకా లేత ఊదాగానే ఉన్నాయి, అయినా కడుక్కోలేదు. దాన్ని మళ్లీ అదే కాగితంలో చుట్టి, ఆఖరి పెట్టెలో అన్నింటికంటే పైన పెట్టి, దానికి నాతో చీటీ అంటింపించాడు: "ఆలెంపియా సంఘం వస్తువు. సబ్బు, ఒకటి."

టేపు వాడలేదు. జిగురు.

హిల్లార్

స్టాక్‌హోమ్,
జాన్ పండుగ తర్వాత

ఆలెంపియా సంఘ సభ్యుడు శ్రీ హిల్లార్ కాసిక్ గారికి,

తమరు పంపిన పెట్టెలు క్షేమంగా చేరినవి. అరలో సర్దడమైనది. కరిగిపోయిన కాగితాలకు వేరే పెట్టె ఇవ్వడమైనది. దానిపై "ఇవి కూడా" అని రాయడమైనది.

ఒక వస్తువును మాత్రం స్వీకరించలేకపోతున్నాము. మా భాండాగారం నియమావళి ప్రకారం ఇక్కడ కాగితాలు మాత్రమే ఉంచగలము. సబ్బు కాగితం కాదు.

కాబట్టి, ఒరేయ్ హిల్లార్, కూనోకి చెప్పు: పెట్టెలన్నీ సర్దాక, ఆ దుమ్మంతా చేతులకుంది, దానితో చేతులు కడుక్కున్నాను. ఇన్నేళ్లకి కూడా నురగ వస్తోంది.

సల్మే